బందరు కాలువ గట్టు, 22 మడులు: మే నుంచి చవితి దాకా మా ఆదివారాల లెక్క

కాలువ గట్టు మీద కలుపు కప్పేసిన మొక్కల మడుల్ని మా కాలనీవాళ్ళం ఆదివారాలు శుభ్రం చేస్తున్నాం. ముందు లెక్క చెప్పేస్తాను, తర్వాత కథ. గట్టు మీద మొత్తం మడులు 22. పూర్తిగా చేతికొచ్చినవి 14. సగం సగంలో ఉన్నవి 4. కాలువలోంచి తీసి పోసిన గుర్రపు డెక్క (నీటి మీద తేలే కలుపు) గుట్ట కింద పడి ఉన్నవి 3. మిగిలిన ఒక్కటీ మేం కావాలనే పూర్తిగా పీకకుండా వదిలేసింది, అందరూ ఎక్కువగా అడుగుతున్నదీ దాని గురించే.

విజయవాడ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బ్యారేజీ దగ్గర కృష్ణలోంచి బయల్దేరిన నీళ్ళు ఊళ్ళోకొచ్చి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ అని మూడుగా చీలతాయి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట కాలం నాటి ఏర్పాటు ఇది, ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. ఒకప్పుడు ఈ కాలువల్లో పడవలు తిరిగేవి, బందరు లాకులు, ఏలూరు లాకులు అన్న పేర్లు అప్పటివే. ఇప్పుడు పడవ చూసినవాళ్ళు మా వీధిలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. మా కాలనీ బందరు కాలువకి కృష్ణలంక వైపున ఉంది. ఇంటి వెనక గోడ దాటితే నడిచే బాట, బాట పక్కన సిమెంటు అంచు కట్టిన మడులు, ఆ తర్వాత ఇనుప కంచె, కంచె అవతల కాలువ. మడులు 2016 పుష్కరాల ముందు వేసినవని మా వీధివాళ్ళు అంటారు. ఒక్కోటీ సుమారు పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. రెండు మూడేళ్ళు ఎవరో నీళ్ళు పోశారు, తర్వాత మానేశారు. ఈ మేలో మేం వెళ్ళేసరికి అక్కడ మడులున్నాయని తెలియాలంటే కాలితో తడిమి సిమెంటు అంచు వెతుక్కోవాల్సి వచ్చింది.

మే, రెండో ఆదివారం

ఐదున్నరకి పదకొండు మందిమి. అడిగిన చోటల్లా "వస్తాం" అన్నవాళ్ళు ముప్ఫై నాలుగు మంది, సరే, అది ఎక్కడైనా అంతే. సామాను: కొడవళ్ళు నాలుగు, పారలు రెండు, గునపం ఒకటి, గమేళాలు మూడు, ఖాళీ ఎరువుల గోతాలు ఓ ఇరవై. గ్లవ్స్ అని నేను కొనుక్కొచ్చినవి గుడ్డవి, పది నిమిషాల్లో ముళ్ళు దిగి చిల్లులు పడ్డాయి. కొనేవాళ్ళు రబ్బరు పూత ఉన్నవి కొనండి, జత అరవై రూపాయలు పడ్డా పర్లేదు.

మడుల్లో ఏముందంటే, ముప్పావు వంతు వయ్యారిభామ. నడుమెత్తు పెరిగి, నెత్తిన చిన్న చిన్న తెల్లపూలతో, దూరం నుంచి చూస్తే ఎవరో కొత్తిమీర తోట వేసి పూతకి వదిలేసినట్టుంటుంది. దాని మధ్యలో తుంగ, గరిక, ఆముదం, జిల్లేడు, ఉమ్మెత్త. అన్నిటి మీదా కప్పేసినట్టు కాకిదొండ తీగ. కంచె వైపున లొట్టపీసు.

కొడవళ్ళతో కోసుకుంటూ పోయాం. ఎనిమిదిన్నరకల్లా కత్తెర ఎండ మాడు మీదకొచ్చింది, అప్పటికే ఆరు మడులు ఖాళీ. మొదలుపెట్టక ముందు ఒకటి, అయ్యాక ఒకటి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టాం. చప్పట్ల బొమ్మలు నూటపాతిక దాకా వచ్చాయి. మా బాబాయ్ అయితే "ఇంకో మూడు ఆదివారాలు, అంతే" అని లెక్క కూడా తేల్చేశారు.

బాట చివర రోజూ కూర్చునే పెద్దాయన ఒకరున్నారు, మేమంతా తాతగారు అంటాం. యనమలకుదురు వైపు కూరగాయల సాగు చేసి చేసి ఇప్పుడు కొడుకింట్లో ఉంటున్నారు. మేం టీ తాగుతుంటే దగ్గరికొచ్చి మడుల్ని చూసి, "బాబూ, గడ్డం గీశారు. గీసిన గడ్డం మళ్ళీ మొలవదా?" అన్నారు. నవ్వి ఊరుకున్నాం.

జూన్, మొదటి ఆదివారం

మొలిచింది.

మధ్యలో రెండు వారాలు పెళ్ళిళ్ళు, ఎండలు, ఒక వారం నాకు షాపులో స్కూలు పుస్తకాల సీజను. వెళ్ళి చూస్తే, కోసిన ప్రతి మొదలు నుంచీ మూడు నాలుగు పక్క కొమ్మలు లేచి, ఇంకా మోకాలెత్తు కూడా రాకుండానే పూతకొచ్చేశాయి. ఎత్తుగా ఒక్క మొక్క ఉన్న చోట ఇప్పుడు పొట్టిగా గుబురు. అంటే మేం దాన్ని చంపలేదు, కొమ్మలు కత్తిరించి పెంచాం. మా బృందంలో బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివే అమ్మాయి ఉంది, సెలవులకి ఇంటికొచ్చింది. తను చెప్పేదాకా మాకు తెలియదు: ఒక్క మొక్క పదిహేను వేల నుంచి పాతిక వేల గింజలు రాలుస్తుందట, అవి గాలికీ నీళ్ళకీ చెప్పుల బురదకీ అంటుకుని పోతాయి, మట్టిలో ఏళ్ళ తరబడి పడి ఉంటాయి. 1950ల్లో అమెరికా గోధుమలతో కలిసి మన దేశానికొచ్చిందని చెప్పుకుంటారు, కాంగ్రెస్ గడ్డి అన్న పేరు కూడా ఆ రోజుల్లో పడిందేనంటారు. పూత రాకముందు వేరుతో సహా పీకాలి, మరో దారి లేదు.

సరే పీకుదామని కూర్చుంటే రోహిణి కార్తె. రోళ్ళే పగిలే ఎండలో నేల ఎలా ఉంటుంది? పట్టుకుని లాగితే కాండం చేతికొస్తోంది, వేరు లోపలే ఉంటోంది. నీళ్ళు పోసి నానబెడదామంటే కాలువకి నీళ్ళు ఆపేసిన రోజులు, అడుగున అక్కడక్కడా మురుగు గుంటలు తప్ప ఏమీ లేదు. ఆ వాసన గురించి రాయను. ఆ రోజు పదిమందిమి రెండు గంటలు పెనుగులాడి ఒక్క మడి, అదీ సగం. గునపంతో పెల్లలు లేపి, పెల్ల పగలగొట్టి, వేరు తీసి. అందరికీ చిరాకు. "ఫోటోలు పెట్టకుండా ఉండాల్సింది" అన్నాడు మా పక్కింటి తమ్ముడు, అది నా మీద వేసిన మాటే, తప్పేం లేదు.

అక్కడే ఓ నిర్ణయం తీసుకున్నాం. వాన పడేదాకా పీకుడు ఆపేయాలి, పూత మాత్రం చేత్తో తుంచి గోతాల్లో వేయాలి, గింజ రాలనివ్వకూడదు. పని చిన్నది, విసుగు పెద్దది. చిన్నపిల్లలు మాకంటే బాగా చేశారు కానీ వాళ్ళని తర్వాత మాన్పించాం, కారణం కిందుంది.

అదే వారం, బుధవారం

బాబాయ్ కళ్ళు వాచిపోయాయి. రెప్పలు ఉబ్బి, మెడ చుట్టూ, మోచేతి మడతల్లో ఎర్రగా దద్దుర్లు. ఆయన ఆ రోజు పొట్టి చేతుల బనీనుతో వచ్చి, చెమట తుడుచుకోవడానికి ఆ చేతుల్నే మొహం నిండా రుద్దుకున్నారు. చర్మం డాక్టరు చూడగానే "వయ్యారిభామ ఏమైనా ముట్టుకున్నారా?" అని అడిగారట. అది పడనివాళ్ళకి పడదు, ఒకసారి పడకపోతే తర్వాత కొంచెం తగిలినా మళ్ళీ వస్తుంది. ఇక మొక్క జోలికి వెళ్ళొద్దని గట్టిగా చెప్పారు. బాబాయ్‌కి అప్పటి నుంచి టీ, లెక్కల పుస్తకం, గోతాలకి మూతులు కుట్టడం. ముందు మొహం మాడ్చుకున్నారు, ఇప్పుడు ఆ పుస్తకం ఎవరు ముట్టుకున్నా ఒప్పుకోరు.

అప్పటి నుంచి రూలు: పొడుగు చేతుల చొక్కా, ముక్కుకి గుడ్డ, ఇంటికెళ్ళగానే స్నానం, ఆ బట్టలు విడిగా ఉతకడం. పిల్లలు మడుల్లోకి రాకూడదు. కంచె దాటి వాలు మీదకి ఎవరూ దిగకూడదు, ఇది పెద్దలకి కూడా.

జూన్, మూడో ఆదివారం

మృగశిర వచ్చిన నాలుగో రోజు రాత్రి గంటన్నర సేపు దంచి కొట్టింది, శనివారం ఇంకో జల్లు. ఆదివారం పొద్దున వెళ్ళి మొదటి మొక్క మొదట్లో పట్టుకుని లాగితే ముల్లంగి ఊడొచ్చినట్టు వేరు మొత్తం వచ్చింది. నేను దాన్ని పైకెత్తి అందరికీ చూపించాను, కప్పు గెలిచినట్టు. ఆ రోజు తొమ్మిది మందిమే, ఐదు మడులు. మేలో పదకొండు మంది కొడవళ్ళతో చేసిన పని, ఈసారి నిజంగా చేసిన పని.

తుంగ వేరే సంగతి. దాన్ని లాగితే గడ్డి వస్తుంది, కింద నల్లటి గడ్డ మిగిలిపోతుంది, గడ్డకీ గడ్డకీ మధ్య దారం లాంటి వేరు. మట్టి జల్లెడ పట్టినట్టు వేళ్ళతో వెతకాలి. మొత్తం తీయగలమన్న ఆశ నాకు లేదు, నీడ పడితే తుంగ బలహీనపడుతుందని తాతగారు చెప్పారు, ఆ నీడ ఇచ్చే మొక్కలు రావాలి.

ఇక నాలుగో మడి. ఇది కొంచెం వివరంగా రాస్తాను. కాకిదొండ తీగ దుప్పటిలా పరుచుకుని ఉంటే అంచు పట్టుకుని చాపలా చుట్టుకుంటూ వచ్చాం. కింద అడుగు దూరానికొకటి చొప్పున ఎండిన మోళ్ళు, వరసగా తొమ్మిది. బొటనవేలంత లావు, బూడిద రంగు, ఒక్క ఆకు లేదు. మా తమ్ముడు గునపం ఎత్తేశాడు కూడా. తాతగారు "ఉండవయ్యా" అని వంగి, ఒక మోడు మీద గోటితో బెరడు గీకారు. గీకిన చోట పెసరగింజ రంగులో తడి పచ్చదనం. రెండోదీ అంతే. మూడోది గోధుమ రంగు, పుల్ల విరిస్తే టక్కున విరిగింది, అది పోయింది. అలా తొమ్మిదిట్లో ఆరు బతికున్నాయి. ఏ మొక్కో ఎవరికీ తెలియలేదు. ఒక మోడు పక్కన తీగల్లో చిక్కుకుని ఎండిపోయిన పూలగుత్తి దొరికింది, సన్నటి పొడుగు కాడలు, చివర నాలుగు రేకులు. నూరువరహాలు! ఇన్నేళ్ళు ఆ తీగ కింద, ఎండ తగలకుండా, నీళ్ళు పోసేవాళ్ళు లేకుండా. పైన ఎండు కొమ్మలు పచ్చదనం కనిపించే దాకా కోసి, చుట్టూ పాదు చేసి వదిలాం.

ఆ రోజు నుంచి గునపం ఎత్తే ముందు గోటితో గీకడం అలవాటైంది. ముందు ఖాళీ చేసిన ఆరు మడుల్లో ఎన్ని మోళ్ళు కొడవలి కింద పోయాయో చెప్పలేను. కోసిన చెత్తలో చూసిన గుర్తు నాకుంది. బాబాయ్‌కి చెప్తే పుస్తకంలో రాసుకున్నారు, ఏ పద్దు కింద రాశారో అడగలేదు.

జూన్ చివర, జూలై మొదట్లో

కాలువకి నీళ్ళొచ్చాయి. రాత్రి పదింటికి ఇంట్లో ఉండగానే తెలిసిపోతుంది, వాసన మారుతుంది. తెల్లారి చూస్తే ఎర్రటి నీళ్ళు సగం గట్టు దాకా. ఈ నెలల్లో ఇక్కడ పారేదాంట్లో గోదావరి నీళ్ళు కూడా ఉంటాయి, పట్టిసీమ దగ్గర తోడి పోలవరం కుడి కాలువ మీదుగా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపేవి. కృష్ణలంకలో నిలబడి బందరు కాలువలో గోదావరిని బకెట్‌తో చేదుకుని నూరువరహాలకి పోస్తున్నాం అనమాట. తాళ్ళు కట్టిన బకెట్లు రెండు, కంచె ఇవతల నుంచే.

నీళ్ళతో పాటు గుర్రపు డెక్క కూడా వచ్చింది. పచ్చటి తివాచీలా కదులుతూ వచ్చి వంతెన స్తంభాలకి అడ్డం పడుతుంది. దాన్ని తీయడానికి ఓ కాంట్రాక్టరు యంత్రం పెట్టాడు, మంచిదే. తీసింది ఎక్కడ వేయాలి? గట్టు మీద. గట్టు మీద ఎక్కడ? మా 16, 17, 18 మడుల మీద. మూడడుగుల ఎత్తు గుట్ట, నీళ్ళు కారుతూ, మధ్యలో ప్లాస్టిక్ కవర్లు, థర్మకోల్ ముక్కలు, ఒక దేవుడి పటం ఫ్రేము. మేం ఆ మూడూ అంతకుముందు వారమే శుభ్రం చేశాం. యంత్రం నడిపే అబ్బాయిని అడిగితే "ఖాళీగా ఉంది కదన్నా అని వేశాను" అన్నాడు. అతని తప్పు కాదు. మేం ఖాళీ చేశాం కాబట్టే ఖాళీగా ఉంది. ఆఫీసుకి రెండుసార్లు వెళ్ళొచ్చాను, ట్రాక్టరు పంపిస్తామన్నారు, ఆ ట్రాక్టరు ఇంకా దారిలోనే ఉంది.

మా చెత్తది కూడా అదే గోడు. పీకడం పనిలో సగం కూడా కాదని ఎవరూ ముందు చెప్పరు. ఒక్క మడి నుంచి పద్నాలుగు, పదిహేను గోతాలు వస్తాయి, పచ్చిమీద బరువు. చెత్త బండివాళ్ళు ఇళ్ళ చెత్తే తీసుకుంటామంటారు. పూత రాని వయ్యారిభామని గుంటలో వేసి పేడనీళ్ళు చల్లి కప్పితే ఎరువవుతుంది, పూత వచ్చినదాన్ని అలా చేస్తే గింజలు ఎరువుతో పాటు మళ్ళీ మడుల్లోకే వచ్చే ప్రమాదం. అందుకని గోతాలు రెండు రకాలు: మూతికి ఎర్ర దారం కుట్టింది పూతది, తెల్ల దారం కుట్టింది పూత లేనిది. ఇది బాబాయ్ కనిపెట్టిందే. తెల్లవి గుంటలోకి. ఎర్రవి నల్ల పట్టా కింద ఎండలో వారాల తరబడి మగ్గబెడుతున్నాం.

లొట్టపీసు గురించి ఒక హెచ్చరిక. దాన్ని నరికి అక్కడే పడేయకండి. తడి తగిలితే ప్రతి ముక్కా వేరు పోసుకుంటుంది. మేం నరికి కంచె పక్కన పేర్చిన కట్టలోంచి పది రోజుల్లో చిగుళ్ళు, ఆ పైవారం లేత ఊదా పువ్వు కూడా. మేకలు తోలుకొచ్చే ఆవిడని "పట్టుకెళ్తావా అమ్మా" అని అడిగితే "అది తింటే మేక తిక్కతిక్కగా తిరుగుద్ది బాబూ, నాకెందుకు" అంది. ఇప్పుడు ముక్కల్ని సిమెంటు బాట మీద పరిచి కరకరలాడేదాకా ఎండబెట్టి అప్పుడు కడతాం.

ఆ కట్టల కింద ఒకరోజు పాము. ఇద్దరు కర్రలు తెచ్చేశారు. పసుపు మీద నల్ల గళ్ళు, కంటి కింద నల్లగీత, నీరుకట్టు. విషం లేనిదే, కరిస్తే మాత్రం గట్టిగా కరుస్తుంది. కాసేపు వదిలేస్తే కంచె కిందనుంచి నీళ్ళలోకి జారిపోయింది. ఆ తర్వాత ఏ కట్టైనా ముందు కర్రతో తట్టి, ఆగి, అప్పుడే ఎత్తాలని అందరికీ చెప్పాం. పాముకంటే ఎక్కువ దెబ్బ కొట్టింది మటుకు సీసా పెంకు, మా తమ్ముడికి అరచేతిలో రెండు కుట్లు, టీటీ ఇంజెక్షను.

జూలై, రెండో ఆదివారం

పదకొండో మడి దగ్గర గొడవ.

గొడవంటే పెద్దదేం కాదు. మేం పీకడం మొదలుపెట్టగానే వెనక వీధి పిన్నిగారు, పొద్దున నడకకి వచ్చినావిడ, ఆగి "అది ఎందుకు పీకుతున్నారు?" అన్నారు. చూస్తే ఉత్తరేణి. కలుపు కదా పిన్నిగారూ అన్నాను. "కలుపా? రేపు చవితికి పది రూపాయలు పెట్టి గుప్పెడు కొనుక్కుంటావు కదా, అప్పుడు కలుపు కాదా?" అని అక్కడే నిలబడి వేళ్ళు మడిచి లెక్కపెట్టారు: ఉత్తరేణి ఉంది, ఉమ్మెత్త ఉంది, గరిక ఉంది, జిల్లేడు ఉంది, అంచులో గన్నేరు ఉంది, విష్ణుక్రాంతం ఇదిగో గడ్డిలో నీలం పువ్వు కనిపిస్తోంది, వాకుడు కూడా ఉన్నట్టుంది చూడండి. చూశాం, ఉంది, ముళ్ళతో సహా. ఇరవై ఒక్క పత్రిలో ఏడు ఒక్క మడిలో.

మాలో మాకు అరగంట వాదన. ఉమ్మెత్త విషం, పిల్లలు తిరిగే బాట పక్కన ఉండకూడదని నేను. ఉంటే ఏమైంది, ఊరంతా ఉంది, కంచె వైపుకి జరిపితే సరి అని బాపట్ల అమ్మాయి. జిల్లేడు చెట్టు మీద సీతాకోకచిలుక పురుగులుంటాయి, తను చూపించింది కూడా, నలుపు పసుపు పట్టీలతో. చివరికి తేలిందేమిటంటే పదకొండో మడిలోంచి వయ్యారిభామ మాత్రం తీసేసి మిగతావి ఉంచాలి, ఉమ్మెత్త కాయలు ముదరకముందే తుంచేయాలి. దానికి పత్రి మడి అని పేరు పడిపోయింది. నేను ఓడిపోయానని బాబాయ్ అందరికీ చెప్పుకున్నారు.

పైగా ఇదొకటి: ఆ తర్వాత ఏడు వారాల్లో ఆ మడిలో మళ్ళీ మొలిచిన వయ్యారిభామ మొక్కలు నేను లెక్కపెట్టినవి 19. పక్కనే, నున్నగా గీకి ఏమీ లేకుండా వదిలిన పన్నెండో మడిలో 200 దాటాక లెక్కపెట్టడం మానేశాను. నేల కనిపిస్తే అది వచ్చి కూర్చుంటుంది. తాతగారు పన్నెండులో తగిరిస గింజలు చల్లమన్నారు, ఆయన ఎక్కడినుంచో గుప్పెడు తెచ్చారు కూడా. తగిరిస ఒత్తుగా లేస్తే వయ్యారిభామని ఎదగనివ్వదని అమ్మాయి కూడా చెప్పింది, వాళ్ళ పుస్తకాల్లోనూ ఉందట. చల్లాం. ఇప్పుడు జానెడెత్తు.

ఆగస్టు, మొదటి రెండు ఆదివారాలు

ఇంకా ముట్టుకోని 19వ మడి దగ్గర వయ్యారిభామ ఆకులు జల్లెడలా ఉన్నాయి. దగ్గరకెళ్ళి చూస్తే కందిగింజంత పురుగులు, పాలమీగడ రంగు వీపు మీద ముదురు చారలు, ఆకుల మీద పదుల కొద్దీ. మందు కొట్టాలేమో అని ఒకాయన స్ప్రేయరు తెస్తానన్నాడు. బాపట్ల అమ్మాయికి ఫోటో పంపాను, తను అప్పటికి కాలేజీకి వెళ్ళిపోయింది. రెండు నిమిషాల్లో ఫోను. "అన్నయ్యా దయచేసి ఏమీ చేయకండి, అవి మన పనే చేస్తున్నాయి." మెక్సికో నుంచి తెప్పించిన పెంకుపురుగట, వయ్యారిభామని తినిపించడానికే 1984లో బెంగళూరులో వదిలారట, వానలు పడగానే నేలలోంచి పైకొస్తాయట. వదిలినవాళ్ళు మన ఊళ్ళో వదల్లేదు, అవే వచ్చేశాయి. 19, 20 మడులు వాటికి వదిలేశాం, సగం సగం అని నేను మొదట్లో రాసిన నాలుగిట్లో ఆ రెండు ఇవే. వాటి పనితనం గొప్పగా ఏం లేదు, కాండం మిగులుతుంది, కొన్నిట్లో మళ్ళీ చిగుళ్ళు. కానీ ఆదివారం కాఫీ అడగవు.

గుర్రపు డెక్క గుట్ట సంగతి. ఆరు వారాలకి మూడడుగుల గుట్ట అడుగు లోపుకి కుంగింది, ఆ మొక్కలో ఉన్నదంతా నీళ్ళే కదా. అంచు తిరగేసి చూస్తే అడుగున నల్లగా, మెత్తగా, తడిగా ఉంది, వానపాములు కూడా. దాని కింద నేల మీద ఒక్క కలుపు మొక్క లేదు. కాంట్రాక్టరుని నేను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకోను, ప్లాస్టిక్ ఏరడానికి నలుగురికి మూడు గంటలు పట్టింది మరి. కానీ ఏరినదాన్ని గమేళాలతో మోసి నూరువరహాల పాదుల్లో మూడంగుళాల మందాన పరిచాం. మురుగు కలిసిన కాలువలోది కాబట్టి తినే మొక్కలకి వాడొద్దని ముందే అనుకున్నాం, పూలమొక్కలకే. పరిచిన చోట కలుపు బాగా తగ్గింది. ట్రాక్టరు ఇప్పుడు రాకపోయినా పర్లేదు.

మొక్కలు: కడియం నుంచి తెచ్చినవి అని చెప్పే బండి దగ్గర నందివర్ధనం 20, మందార 12, మెట్టతామర దుంపలు ఒక గోతం. గన్నేరు కొమ్మలు ఇంటింటా అడిగి తెచ్చి గుచ్చాం. నందివర్ధనంలో మూడు చచ్చిపోయాయి, రెండు ఎవరో పట్టుకుపోయారు, గుంట మాత్రం నీట్‌గా పూడ్చి వెళ్ళారు. ఆరు నూరువరహాల్లో ఐదు చిగురేశాయి. ఆరోదాన్ని వారానికోసారి గోటితో గీకి చూస్తున్నాను, ఇప్పటికే సగం బెరడు నా గోళ్ళలోనే ఉంది.

ఖర్చు బాబాయ్ పుస్తకం ప్రకారం ఇప్పటిదాకా 9,340. అందులో టీకి 2,900. ఆ అంకె మీద చర్చ జరిగింది, ముగిసింది.

చవితి ముందు రోజు

పత్రి మడి మీద నాకు టెన్షన్. రాత్రికి రాత్రి ఎవరో మొత్తం కోసి రోడ్డు మీద అమ్మేస్తారని. పొద్దున్నే నాలుగున్నరకే వెళ్ళి కూర్చున్నాను. ఐదింటికి పిన్నిగారు వచ్చారు, చేతిలో చిన్న కత్తెర, బుట్ట. ఆ తర్వాత ఒక్కొక్కరూ. ఎవరూ వేళ్ళతో పీకలేదు, పిన్నిగారు పీకనిస్తే కదా. "చివర తుంచు, మొదలు వదులు, పక్క వాళ్ళకి ఉంచు" అని ఆవిడ మడి అంచున నిలబడి ట్రాఫిక్ పోలీసులా. మే నెల నుంచి ఒక్క ఆదివారం కూడా రానివాళ్ళు పదిహేను మంది ఆ పొద్దున మొదటిసారి గట్టు మీదకొచ్చారు. వాళ్ళలో ఇద్దరు 13వ మడిలో కూడా ఉత్తరేణి వేయొచ్చు కదా అని సలహా ఇచ్చారు. వేయొచ్చు, ఆదివారం ఐదున్నరకి రండి అన్నాను. ఒకాయన నిజంగానే నంబరు తీసుకున్నాడు.

నేను ఇంటికెళ్ళేసరికి ప్యాంటు మోకాళ్ళ కింద నుంచి మడమల దాకా ఉత్తరేణి గింజలు గుచ్చుకుని ఉన్నాయి. మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది. అరుగు మీద కూర్చుని ఒక్కోటీ పీకి కాగితంలో వేశాను, నూటముప్ఫై దాటాయి. 13లో చల్లుతాను.